కాలరు సీటు

నొప్పి మొదలైనప్పుడు ఆమె చేతిలో కాలరు సగం కుట్టి ఉంది. మూల తిప్పాక చెబుదాంలే అనుకుంది. మూల తిప్పింది. రెండో మూల కూడా తిప్పింది. దారం తెంపి, ముక్కని పక్క బల్ల మీదకి తోసి, అప్పుడు కడుపు పట్టుకుంది. అలవాటనేది నొప్పి కంటే మొండిది మరి.

ఆ చొక్కాల ఫ్యాక్టరీ రెండో లైనులో ఎవరూ ఎవరినీ అసలు పేరుతో పిలవరు. చొక్కాలో ఏ ముక్క కుడితే అదే పేరు. జేబులు కుట్టేది జేబు. చేతులు అతికేది చేతులక్క. చివర్న బొత్తాల మిషన్ మీద కూర్చునే పెద్దావిడ బొత్తాలత్త, ఆవిడ కాలరుకి నిజంగానే అత్త. సూపర్వైజరమ్మ ఏ ముక్కా కుట్టదు కాబట్టి, మాటకి ముందొకసారీ తర్వాతొకసారీ చేతి గడియారం చూసుకుంటుంది కాబట్టి ఆమెకి గడియారం అని పేరు స్థిరపడింది. ఆ పేరు ఆమె వీపు వెనక మాత్రమే పలుకుతారు. ఇక కాలరు అంటే మన మనిషి. తొమ్మిదో నెల.

"ఏమే, మొహం అలా పెట్టావేం?" అంది పక్క సీటులోని జేబు.

"నొప్పొస్తోందే."

ఆ మాట లైను ఈ చివర్నుంచి ఆ చివరికి కుట్టు కంటే వేగంగా పాకింది. గడియారం గడియారం చూసుకుని, బయటికి పంపే చీటీ రాసిచ్చింది. మర్నాడు లారీ ఎక్కాల్సిన మొగుడు అదృష్టవశాత్తూ ఇంకా ఊళ్ళోనే ఉన్నాడు. ఉరుకులూ పరుగులతో వచ్చి ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. అత్త మాత్రం బొత్తాల దగ్గర్నుంచి లేవలేదు. "ఇద్దరం లేస్తే లైను ఏం కావాలి?" అంది.

ఆస్పత్రి మెట్లెక్కేసరికి నొప్పి పోయింది. ఎంత సిగ్గుపడిందో ఆమెకే తెలుసు.

"నడిస్తే తగ్గిందా?" అని అడిగింది నర్సమ్మ, కడుపు మీద చెయ్యి వేసి చూస్తూ.

"తగ్గిందండీ."

"అయితే దొంగనొప్పులమ్మా. అసలు నొప్పులు నడిచినా పడుకున్నా తగ్గవు. ఒకదాని వెంట ఒకటి దగ్గరపడతాయి, గట్టిపడతాయి. నీరు పోయినా, రక్తం కనబడినా ఇక ఆలోచించకుండా వచ్చెయ్." ఆమె ఓ చిన్న యంత్రం కడుపుకి ఆనించింది. గుర్రం దౌడు తీస్తున్నట్టు టకటకమనే చప్పుడుతో గది నిండిపోయింది. మొగుడు నోరు తెరుచుకుని విన్నాడు. "బిడ్డ బాగా కదులుతోందా?"

"రోజంతానండీ! మిషన్ మీద కూర్చున్నానంటే ఇక ఆగడు."

"మంచిది. ఆఖరి రోజుల్లో కదిలే తీరు కాస్త మారొచ్చు గానీ, కదలిక తగ్గకూడదు. తగ్గిందనిపిస్తే తెల్లారనీ, పని తెమలనీ అని కూర్చోకు. ఉత్తిదే అయితే ఇంటికి పంపిస్తాం, అంతేగా."

అంతేగా అని నర్సమ్మ తేలిగ్గానే అంది. ఆవిడకి లైను సంగతి తెలియదు.

లైను సంగతేమిటంటే, ఒక సీటు ఖాళీ అయితే ఆ ముక్క రాదు. ఆ ముక్క రాకపోతే వెనకున్నవాళ్ళందరూ చేతులు ముడుచుకుని కూర్చోవాలి. కానీ ఆ రోజు పూర్తి కావలసిన చొక్కాలు మాత్రం పూర్తి కావలసిందే, అయ్యేదాకా గేటు తియ్యరు. ఒకరు లేచిన పాపానికి అందరూ ఆగిపోవాలి. ఈ పద్ధతి పెట్టినవాడు తెలివైనవాడే. యజమాని మీద రావలసిన కోపం పక్క సీటు మీదకి మళ్ళిపోతుంది.

మర్నాడు పొద్దున్నే ఆమె లోపలికి అడుగుపెట్టగానే చేతులక్క తలెత్తింది.

"రావమ్మా దొంగనొప్పులూ! నీ పుణ్యమా అని నిన్న మా పిల్లలు మా మొహాలు చూడకుండానే నిద్రపోయారు."

ఎవరో కిసుక్కున నవ్వారు. చేతులక్క నవ్వలేదు. ఇంటి దగ్గర చిన్నపిల్లలున్న మనిషి, ఆమె బాధ ఆమెది. జేబు సూదిలోకి దారం ఎక్కిస్తూ తల వంచుకుంది. కాలరు తన బల్ల దగ్గరికి వెళ్ళి, ముందు వెనక్కి, తర్వాత పక్కకి, అంచెలంచెలుగా కూర్చుంది. ఇప్పుడామె కూర్చోవడమే ఒక పని. బల్లకి కాస్త దూరం జరిగినా కడుపు అంచుకి తగులుతూనే ఉంటుంది, అంతకంటే దూరం జరిగితే చెయ్యి సూదికి అందదు. అందుకని కడుపుని బల్లకి ఆనించే కుట్టేది.

కాలరు కుట్టడం తిన్నగా పరుగెత్తే పని కాదు. అంచు వెంట ఓ జానెడు పోవాలి. మూల రాగానే సూదిని గుడ్డలోనే దించి ఆపాలి, ముక్కని తిప్పాలి, మళ్ళీ కాలు నొక్కాలి. పరుగు, ఆగడం, దూకడం. బల్లలన్నీ ఒకదానికొకటి మేకులతో బిగించి ఉంటాయి గనక పక్కవాళ్ళ పరుగులూ దూకుళ్ళూ కూడా ఇటు వస్తాయి. ఆ అదురుకి బల్ల మీది కత్తెర తనంతట తాను జరుగుతూ ఉంటుంది.

"లోపల వాడు కూడా మిషన్ తొక్కుతున్నట్టున్నాడే," అంది జేబు కాసేపటికి, నిన్నటి కోపం మరిపించడానికి.

"తొక్కుతున్నాడు," అందామె, కడుపు వైపు చూసి. బల్ల అంచు దగ్గర కడుపు మీది గుడ్డ సన్నగా కదులుతోంది. ఆమెకి ఆ తిట్లన్నిటి మధ్యా అదొక్కటే ఓదార్పు.

ఇంటికి ఇద్దరూ కలిసే నడిచారు. వీధి మలుపు తిరిగాక అత్త నోరు విప్పింది. "నేను ముగ్గుర్ని మోశాను, అదే సీట్లో. ఒక్కనాడైనా లైను ఆగిందా? చెప్పు. ఇన్నేళ్ళలో నన్ను వేలెత్తి చూపించినవాళ్ళు లేరు. నా పేరు చెడగొట్టావు కదే."

కాలరు సీటు నిజంగానే అత్తది. లైను మొత్తంలో కాలరుదే కష్టమైన పని, గౌరవమూ దానికే. చూపు మందగించి బొత్తాల మీదకి మారేటప్పుడు, ఆ సీటు ఇంకొకరికి పోకుండా గడియారం కాళ్ళావేళ్ళా పడి కోడలికి ఇప్పించింది. అటువంటి సీటుని తాను దొంగనొప్పుల పాలు చేసింది. నాన్నా పులి అన్నట్టు అయింది. ఇంకోసారి, నీరు పోయి నేల తడిసేదాకా నోరు విప్పకూడదని ఆమె ఆ మలుపులోనే ఒట్టు పెట్టుకుంది.

తిట్టిన నోటితోనే అత్త గోరువెచ్చని నీళ్ళు బకెట్లో పోసి తెచ్చింది. కోడలి పాదాలు రెండూ అందులో పెట్టి, చీలమండల దగ్గర బొటనవేలితో నొక్కింది. నొక్కిన చోట గుంట పడి, పడినట్టే ఉండిపోయింది.

"అత్తయ్యా, ఇంటికొచ్చాక వీడు కదలట్లేదు."

"ఎందుకు కదుల్తాడు? పొద్దస్తమానం గెంతి గెంతి అలిసిపోడూ?"

"తగ్గకూడదంది నర్సమ్మ."

"నర్సమ్మ ఎంతమందిని కన్నదట? ఆఖరి రోజుల్లో లోపల చోటెక్కడుంటుందే? కాళ్ళూ చేతులూ ముడుచుకుని సర్దుకుంటారు. నా మూడోదైతే, మిషన్ మీద కూర్చున్నంతసేపే దాని ఆటంతా. ఇంటికొస్తే ఉలుకూ పలుకూ లేదు. అంత బుద్ధిమంతురాలు."

ఆ బుద్ధిమంతురాలు పుట్టింది గానీ కళ్ళు తెరవలేదని ఇంట్లో అందరికీ తెలుసు. ఆ మాట వచ్చినప్పుడు అత్త దాని రాత అంటుంది, అంతకంటే మాట్లాడదు. బుద్ధిమంతురాలు అనే మాటనీ, రాత అనే మాటనీ ఆవిడ ఎన్నడూ ఒకేసారి అనలేదు. కోడలు కూడా ఆ రెంటినీ కలిపి వినలేదు. పాదాలకి హాయిగా ఉంది. కళ్ళు మూతలు పడుతున్నాయి.

ఎక్కడో దారి పక్కన లారీ ఆపి మొగుడు ఫోన్ చేశాడు. "ఎలా ఉన్నాడు మనవాడు?"

"పగలు గోల, ఇంటికొస్తే నిద్ర."

"అచ్చం నాలాగే. అమ్మ దగ్గరుందిగా, ఆవిడకి తెలియనిదేముంది. ఆవిడ చెప్పినట్టు విను."

విన్నది. ఇంకో రెండ్రోజులు అలాగే విన్నది. పొద్దున్నే లేచి నడుం పట్టుకుని నడిచింది. కడుపు కిందికి జారి, ఊపిరి కాస్త సులువైంది గానీ అడుగు తీసి అడుగు వేస్తే తొడల మధ్య బరువు. తిన్నది గొంతులో ఉండేది. కంటి నిండా నిద్ర ఉండేది కాదు, అయినా ఇంటికి రాగానే ఒళ్ళు తెలియకుండా పడిపోయేది. ఆ నిద్రలో ఎవరు తన్నారో ఎవరు తన్నలేదో ఆమెకేం తెలుస్తుంది?

మూడో రోజు సరుకు వెళ్ళాలి. గేటు దగ్గర వ్యాన్ పొద్దున్నుంచే వెనక తలుపులు తెరుచుకుని నిలబడి ఉంది. గడియారం లైను పొడుగునా అటూ ఇటూ తిరుగుతోంది. ఆ రోజు ఎవరూ పాట పాడలేదు, టీకి కూడా ఒకరి తర్వాత ఒకరు వెళ్ళి నిలబడే తాగి వచ్చారు. అటువంటి రోజున, చూసి చూసి, కాలరు మిషన్ ఆగిపోయింది. కింద ఏదో టప్పుమంది, చక్రం తిరుగుతోంది గానీ సూది దిగడం లేదు.

"గోరుచుట్టు మీద రోకటిపోటు," అంది చేతులక్క ఎవరి వంకా చూడకుండా.

మిషన్లు బాగుచేసే ముసలాయన నూనె డబ్బా పట్టుకుని వచ్చాడు. ఆయన్ని నూనె తాత అంటారు. వంగి చూసి, "బెల్టు తెగిందమ్మా, లోపల ముక్క ఇరుక్కుంది. లే, అవతల కూర్చో," అన్నాడు. జేబు లేచి ఆమె చెయ్యి పట్టుకుని లేపింది. ఆమె వెళ్ళి కిటికీ పక్కన, గోడకి చేర్చిన స్టూలు మీద కూర్చుంది. చేతుల్లో పని లేకుండా లైనుని దూరం నుంచి చూడటం ఆమెకి కొత్త. అందరి తలలూ ఒకే వంకన వంగి ఉన్నాయి. అత్త వేళ్ళు బొత్తం అందించడం, కాలు నొక్కడం, బొత్తం అందించడం.

ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కడుపు మీద పెట్టుకుంది.

కడుపు నిమ్మళంగా ఉంది.

పడుకున్నాడనుకుంది. నూనె తాత పట్టకారు కోసం వెళ్ళి వచ్చాడు. తెగిన బెల్టు లాగి కింద పారేశాడు. కడుపు నిమ్మళంగానే ఉంది. వేలితో ఒక పక్క పొడిచింది. ఎప్పుడైనా అలా పొడిస్తే లోపల్నుంచి చిన్న మడమో మోచెయ్యో వచ్చి వేలిని తోసేది. ఆ ఆట ఇద్దరికీ అలవాటే. మళ్ళీ పొడిచింది. రెండో పక్క పొడిచింది. చివరిసారి ఎప్పుడు తోశాడు? నిన్నా? నిన్న ఆమె పొడవలేదు. మొన్నా?

లేచి వెళ్ళి మంచినీళ్ళ కుండ దగ్గర చల్లటి నీళ్ళు తాగింది. టీ గదిలో ఇంత చక్కెర అడిగి నోట్లో పోసుకుంది. గుడ్డ కట్టలు పేర్చిన మూలకి వెళ్ళి, ఎవరైనా చూస్తారని కూడా అనుకోకుండా, ఎడమ పక్కకి ఒత్తిగిలి పడుకుంది. లేరా, ఒక్కసారి తన్నరా, నీకు దండం పెడతాను, ఒక్కసారి, అని లోపలివాడిని బతిమాలింది. కడుపు తన ఊపిరికి లేచి దిగుతోంది. అంతే.

"అమ్మాయ్, అయిపోయింది, రా," అని నూనె తాత పిలిచాడు.

ఆమె వచ్చి కూర్చుంది. కడుపు బల్లకి ఆనింది. కాలరు ముక్క సూది కింద పెట్టి కాలు నొక్కింది. కడుపులో కదలిక! ప్రాణం లేచి వచ్చింది. ఉన్నాడు, అమ్మయ్య, ఉన్నాడు. మూల వచ్చి ఆగింది. కదలిక తగ్గింది. ముక్కని తిప్పి నొక్కింది. కదలిక దూకింది.

ఆమె కాలు ఆగిపోయింది.

రెండు చేతులూ బల్లకి ఆనించి, స్టూలుతో సహా వెనక్కి జరిగింది. కడుపుకీ బల్లకీ మధ్య నాలుగు వేళ్ళ సందు. కదలిక లేదు. ముందుకి జరిగింది. జేబు తన మిషన్ తొక్కుతోంది. కడుపు కదిలింది. వెనక్కి జరిగింది. లేదు. ముందుకి. ఉంది. వెనక్కి. లేదు. బల్ల మీద కత్తెర మెల్లగా జరుగుతూ వచ్చి అంచు దగ్గర ఆగింది.

ఎన్నాళ్ళుగా? నర్సమ్మకి గొప్పగా చెప్పింది కదా రోజంతా అని. అప్పటికి బిడ్డ గుండె కొట్టుకుంది, తాను విన్నది. ఆ తర్వాత ఇన్ని రోజులూ తాను కడుపు మీద చెయ్యి వేసి మురిసిపోయింది బల్లని చూసుకునా?

గడియారం దగ్గరికి ఎలా వెళ్ళిందో ఆమెకి తెలియదు. "మేడం, చీటీ రాయండి. బిడ్డ కదలట్లేదు."

"మళ్ళీనా?" గడియారం చెయ్యి అలవాటుగా మణికట్టు మీదకి పోయింది. "ఇవాళ ఏంటో తెలుసా నీకు? వ్యాన్ బయట ఉంది."

"కదలట్లేదండీ."

"ఇందాకటిదాకా కదిలినవాడు ఇప్పుడే ఆగిపోయాడా? బెల్టు తెగేసరికి విశ్రాంతి రుచి మరిగావా?" అని, మళ్ళీ ఆమె మొహం చూసి కాస్త మెత్తబడింది. గడియారమూ ఇద్దరు పిల్లల తల్లే. "సరే, కూర్చో ముందు. కూర్చో. నేను చూస్తాను." భుజాలు పట్టి సీటులో కూర్చోబెట్టి, కడుపు మీద అరచెయ్యి వేసింది. "ఇదిగో! కదులుతోంది కదమ్మా! పెద్దమ్మా, నువ్వే వచ్చి చూసుకో నీ కోడల్ని."

అత్త వచ్చింది. ఇన్నేళ్ళలో పని మధ్య ఆవిడ సీటులోంచి లేవడం అదే మొదలు. మొహం మాడ్చుకునే వచ్చింది. చెయ్యి వేసింది. మొహం తేటపడింది.

"ఉన్నాడే పిచ్చిదానా. తన్నుతున్నాడు. ఊరికే హడలగొట్టి చంపకు."

"అది బిడ్డ కాదు అత్తయ్యా," అందామె. "బల్ల."

"ఏంటీ?"

"బల్ల. జేబు తొక్కుతోంది, చేతులక్క తొక్కుతోంది. అదే నాకొస్తోంది. ఇన్నాళ్ళూ అదే నాకొచ్చింది. అత్తయ్యా, ఒక్కసారి అందర్నీ ఆపమనండి. ఒక్కసారి ఆపితే మీకే తెలుస్తుంది."

"లైను ఆపడమేంటి, మతి పోయిందా?" అంది గడియారం.

అత్త చెయ్యి ఇంకా కోడలి కడుపు మీదే ఉంది. ఆవిడ కళ్ళు బల్ల మీదకి, బల్ల మీది కత్తెర మీదకి వెళ్ళాయి. కత్తెర అంచు దాటి కింద పడింది. అప్పుడావిడ తిరిగి, స్తంభం దగ్గరికి నడిచింది. లైను మొత్తానికీ ఉన్న పెద్ద స్విచ్ అక్కడుంది. గడియారం గానీ నూనె తాత గానీ తప్ప దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు, ముట్టుకుంటే ఆ రోజే గేటు బయట. గడియారం "పెద్దమ్మా!" అని అరిచే లోపల అత్త దాన్ని కిందికి గుంజేసింది.

మోటార్లు దీర్ఘంగా మూలిగి ఆగిపోయాయి. పని వేళ ఆ హాలు అంత నిశ్శబ్దంగా ఉండగా ఎవరూ ఎరగరు. గోడ అవతల ఎవరో దగ్గడం కూడా వినబడింది. అందరి చేతులూ ఎక్కడివక్కడ ఆగాయి. చేతులక్క చేతిలో ఒక చొక్కా చెయ్యి వేలాడుతోంది.

అత్త వచ్చి నేల మీద మోకాళ్ళు ఆనించి కూర్చుంది. కోడలి కడుపు మీద ఒక చెయ్యి, దాని పక్కన ఇంకో చెయ్యి వేసింది. చెవి ఆనించింది. వేళ్ళతో అటు నొక్కింది, ఇటు నొక్కింది. అందరూ చూస్తున్నారు. గడియారం కూడా చూస్తోంది, మణికట్టు వైపు చూడకుండా. అత్త మొహంలో రక్తం మెల్లగా దిగిపోయింది. ఆ మొహం చూసి కోడలికి ఉన్న ఆశ కూడా పోయింది. తన బిడ్డ కోసమే అత్త అలా అయిపోయిందనుకుంది. సగమే నిజమని తర్వాత తెలిసింది.

"గేటు తియ్యి," అంది అత్త, లేవకుండానే.

"పెద్దమ్మా, చీటీ..."

"గేటు తియ్యవే!"

పొద్దున్నుంచీ లైను మీద అరిచిన గడియారం పరుగెత్తింది. తాళంచెవుల గుత్తి చేతిలో గలగలలాడుతుంటే గేటు తీసి, వ్యాన్ డ్రైవరు భుజం పట్టి ఊపింది. "సరుకు తర్వాత. ముందు వీళ్ళని దించిరా. పో!" జేబూ చేతులక్కా రెండు చంకల కింద చేతులు వేసి ఆమెని ఎక్కించారు. "దొంగనొప్పులు అన్నాను, నా నోరు పడిపోనూ," అంటూ చేతులక్క ఏడుస్తూనే తోసింది.

వ్యాన్లో అట్టపెట్టెల మధ్య, కొత్త గుడ్డ వాసనలో, ఆమె అత్త ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది. రోడ్డు గతుకులకి కడుపు ఊగుతోంది. ఊగినప్పుడల్లా అది బిడ్డేమోనని ఆశ, గతుకు దాటగానే అది రోడ్డేనని తెలియడం. ఆమె ఇక దేన్నీ నమ్మలేకపోయింది. అత్త కోడలి జుట్టులో వేళ్ళు పెట్టి, బొత్తం అందించినట్టు అదే పనిగా వేళ్ళు కదుపుతోంది.

"ఏమైనా అనండి అత్తయ్యా. తిట్టండి పోనీ."

అత్త తల అడ్డంగా ఊపింది.

నర్సమ్మ ఆమెని గుర్తుపట్టింది. ఒక్క ప్రశ్న అడిగి, సమాధానం సగంలో ఉండగానే బల్ల మీద పడుకోబెట్టి ఆ చిన్న యంత్రం ఆనించింది. గరగర. ఇంకో చోట ఆనించింది. గరగర. ఆ గరగర వింటూ ఆమె పైకప్పు మీద ఒక తడి మరకని చూస్తూ ఉండిపోయింది. కిందికి, బాగా కిందికి జరిపింది నర్సమ్మ. టక్. చాలాసేపటికి ఇంకొకటి. టక్. మొన్నటి గుర్రం దౌడు కాదు. కుంటుతూ, ఆగుతూ, ఇక నడవలేననే గుర్రం.

"ఉంది," అంది నర్సమ్మ. అని, తలుపు వైపు తిరిగి డాక్టరమ్మని కేకేసింది. ఆ కేకతో గదిలోకి మనుషులు వచ్చి పడ్డారు. ఎవరో గాజులు తీశారు, ఎవరో చేతికి సూది గుచ్చారు, ఎవరో ఇక్కడ సంతకం అన్నారు. బండి తోస్తుంటే అత్త పక్కనే పరుగెత్తి, తలుపు దగ్గర ఆగిపోయింది.

కడుపు కోసి తీశారు. ఆడపిల్ల. నీలంగా, మెత్తగా వచ్చింది. ఏడవలేదు. తెర అవతల చప్పట్లలాంటి చప్పుడు, గొట్టం గుర్రుమనడం, పొట్టి పొట్టి మాటలు. మత్తుసూదికి ఆమె ఒంట్లో సగం లేదు, మిగిలిన సగం చెవులే. ఏడవవే, ఏడవవే అని పెదవులు కదిపింది. పిల్ల తుమ్మింది. తుమ్మి, ఎవరో తనకి పెద్ద అన్యాయం చేసినట్టు, కీచుమని ఏడ్చింది.

ఇంకొంచెం ఆలస్యమైతే చేతికి వచ్చేది కాదని డాక్టరమ్మ చెప్పింది. లోపల బిడ్డకి అందాల్సింది అందడం మానేసిందట, ఉన్న కాస్త శక్తీ గుండెకి దాచుకోవడానికి కదలడం ఆపేసిందట. ఆ మాట విని ఆమె ఏడ్చింది. లోపల అంత చిన్నది ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని ఉంటే, బయట తాను దాని తల్లినని బల్లని చూసి నవ్వుకుంది కదా.

మర్నాడు మధ్యాహ్నం దాకా పిల్లని అద్దాల గదిలో ఉంచి తెచ్చి ఇచ్చారు. మొగుడు ఫోన్లో, లారీ ఎవరికో అప్పజెప్పి వస్తున్నానని చెప్పాడు. అత్త మంచం పక్కన కూర్చుని పిల్లని ఒళ్ళో పెట్టుకుంది. దుప్పటి విప్పింది. పిల్ల కాలు గాల్లోకి తన్నింది. అత్త ఆ పాదం కింద అరచెయ్యి పెట్టింది. పిల్ల తన్నింది. మళ్ళీ తన్నింది. అత్త చెయ్యి తియ్యలేదు.

"నా మూడోది బుద్ధిమంతురాలు కాదే," అంది.

కోడలు తల తిప్పి చూసింది.

"మిషన్ మీద కూర్చుంటే ఒకటే ఆట అనుకునేదాన్ని. ఇంటికొస్తే నిద్ర. నొప్పులొచ్చేదాకా అదే ఆట." అత్త గొంతు మామూలుగానే ఉంది. కళ్ళలోంచి మాత్రం నీళ్ళు కారి పిల్ల దుప్పటి మీద పడుతున్నాయి, ఆవిడ తుడుచుకోవడం లేదు. "దాని రాత, దాని రాత అని ఇన్నేళ్ళూ దాని నెత్తినే వేశాను. రాతా కాదు, ఏమీ కాదు. బల్ల ఊగింది. అది ఎప్పుడు పోయిందో, ఎన్నాళ్ళు నేను బల్లని మోశానో."

"అత్తయ్యా, మీకెలా తెలుస్తుంది?"

"తెలియదు. ఎవరూ చెప్పలేదు. నేను నీకూ చెప్పలేదు, పైగా తిట్టాను." ఆవిడ చెయ్యి పిల్ల పాదం కింద అలాగే ఉంది. "తన్నవే తల్లీ. నీ ఇష్టం వచ్చినట్టు తన్ను."

కోడలు చెయ్యి చాపి అత్త మోకాలి మీద వేసింది. అత్తనీ కోడల్నీ ఆ క్షణంలో చూసినవాళ్ళు ఎవరు ఎవరిని ఓదారుస్తున్నారో చెప్పలేకపోయేవారు.

సాయంత్రం జేబు వచ్చింది. పిల్లని చూసి మురిసి, దిష్టి తగలకూడదని ముక్కు చప్పిడి అంది. తర్వాత అటూ ఇటూ చూసి, అసలు సంగతి చెప్పింది. స్విచ్ ముట్టుకున్నందుకు పెద్దమ్మని ఇక లోపలికి రానివ్వొద్దన్నారు. గడియారం ఎంత చెప్పినా పైవాళ్ళు వినలేదు. కాలరు సీట్లో చేతులక్క తోడికోడల్ని కూర్చోబెట్టారు. చెయ్యి నెమ్మదే గానీ కుట్టు శుభ్రంగా ఉంది.

"ఆ పిల్లకి ఐదో నెల కదే?" అంది అత్త.

"ఆరు పడింది. బల్లకి తగులుతోంది కూడా, పాపం."

అత్త పిల్లని మెల్లగా తల్లి పక్కన పడుకోబెట్టింది. మంచం కింద కాలితో వెతికి చెప్పులు తొడుక్కుంది.

"ఎక్కడికి అత్తయ్యా?"

"ఫ్యాక్టరీకి."

"లోపలికి రానివ్వరు పెద్దమ్మా, చెప్పాగా," అంది జేబు.

"రానివ్వకపోతే గేటు బయట నిలబడతాను. పని అయ్యాక ఆ పిల్ల బయటికి రాదా ఏం? రోజూ కాసేపు బల్లకి దూరంగా కూర్చుని చెయ్యి వేసుకు చూడమని చెప్పాలి. మూడో లైనులో కూడా ఒకతుంది కదూ, పట్టీలు కుట్టే పిల్ల? దానికీ చెప్పాలి." గుమ్మం దాకా వెళ్ళి తిరిగి చూసింది. "ఆకలికి లేస్తే పాలివ్వు. వచ్చేస్తాను."

చెప్పుల చప్పుడు వరండా చివరిదాకా వినబడి ఆగిపోయింది. దుప్పటి లోపల ఏదో కదిలింది. తల్లి ఒక చేత్తో నెమ్మదిగా దుప్పటి పక్కకి తీసేసి, పిల్ల కాళ్ళు రెండూ బాగా కనబడేలా పెట్టుకుని చూస్తూ పడుకుంది.